తువ్వాలు కింద ఇచ్చిన మాట

ఆ శనివారం ఉదయం వికారాబాదులో, అనంతగిరి రోడ్డు పక్కన కొత్తగా కట్టిన కార్ల హాలులో ఉన్నవారు వరుసగా వీరు: మధ్య కుర్చీలో హాలు యజమాని, తాండూరు పాలిషు బండల వ్యాపారి కిషన్, ఆయన కుడివైపున కుమారుడు వినయ్, ఎడమవైపున కోడలు వైశాలి, ఎదురుగా, హైదరాబాదు నుంచి పిలిపించిన పాతకార్ల నిపుణుడు సాయికిరణ్, గోడకు ఆనుకొని, కూర్చోమన్నా కూర్చోకుండా, కార్ల బాగోగులు చూసే మెకానిక్ ముదస్సిర్. అందరికంటె చివర వచ్చి, అందరికంటె దూరంగా, గుమ్మం పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నది అష్రఫున్నీసా. ఆమె చేతిసంచిలో మనవరాలు నూరీన్ పెండ్లి కార్డు ఉన్నది. మాట్లాడుకుంటున్నవారి మధ్యకు పోవడం మర్యాద కాదని ఆమె దానిని బయటికి తీయలేదు.

చర్చ ఒక్కటే. హాలులో తుడిచి నిలబెట్టిన పాత కార్లను ఇకమీదట రోడ్డు మీద నడపవలెనా, అద్దాల వెనక నిలిపి చూపవలెనా? గురువారం నాడు హాలు ప్రారంభం. అంతలోగా తేలాలి.

"సార్, ఈ ప్లిమత్ సంగతే తీసుకోండి," అన్నాడు సాయికిరణ్, మీగడరంగు కారు వైపు చేయి చూపిస్తూ. "దీని రంగు ఫ్యాక్టరీలో వేసిన రంగు. డెబ్బై ఏళ్లుగా ఎవరూ మళ్లీ బ్రష్ పెట్టలేదు. తాండూరు రోడ్డు మీద ఒక్క బండల లారీ వెనక వెళ్లి, ఒక్క గులకరాయి ఎగిరి తగిలితే ఆ రంగు మళ్లీ రాదు. నడిపితే మీ ఒక్కరికే సంతోషం. నిలబెడితే ఎన్ని బడుల పిల్లలొచ్చి చూస్తారో ఆలోచించండి."

"చూసి ఏం చేస్తరు?" అన్నది వైశాలి. "బీరువాను చూసినట్టే చూస్తరు. కారంటె చప్పుడు, వాసన, కుదుపు. నడవని కారును చూపిచ్చుడంటె పండ్లు పీకిన పులిని చూపిచ్చినట్టే గదా."

వినయ్ నవ్వినాడు. "మొన్న కోట్‌పల్లి చెరువు కాడికి పోయినప్పుడు నీ పులి రోడ్డు మీదనే పండుకున్నది. రేడియేటర్ల నీళ్లు సలసల కాగుతున్నయి. పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు 'సేట్, తోయమంటరా' అని అడుగవట్టిరి."

"తోస్తే ఏమాయె? నలుగురు చెయ్యేస్తరు, నలుగురు నవ్వుతరు."

"నలుగురు నవ్వుతరు. నేను చెప్పేది గూడ అదే."

"నువ్వు చెప్పు ముదస్సిర్," అన్నది వైశాలి.

"నేనేం చెప్త మేడం. నడిస్తె నాకు పని, నిలబడితె నాకు నిద్ర."

కిషన్ తప్ప అందరూ నవ్వినారు. ఆయన వింటూనే ఉన్నాడు. మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు వింటున్నాడు. పోయిన వానకాలంలో భార్య పద్మారాణి కన్నుమూసిన తరువాత ఆయనకు వేడి చాయ, చల్లారిన చాయ ఒక్కటే అయినవి. దుఃఖమని ఎవరైనా అంటే కాదనేవాడు. నిజానికి అది దుఃఖం కాదు, మొద్దుబారడం. ఎవరైనా మెల్లగా అడిగితే ఆయన ఔననేవాడు, గట్టిగా అడిగినా ఔననేవాడు. ఎటు మొగ్గినా ఈ మాటలు ముగిసిపోతే చాలునని ఇప్పుడూ అనుకున్నాడు.

"నిలబెట్టుండ్రి," అన్నాడు.

సాయికిరణ్ వెంటనే పని చెప్పినాడు. పెట్రోలు ఖాళీ చేయాలి. ఇంజను ఆయిలు వదిలివేసి తుప్పు పట్టకుండా వేరే నూనె పట్టించాలి. బ్యాటరీ తీసివేయాలి. చక్రాలు నేలకు తగలకుండా ఇనుప స్టాండ్ల మీద ఎత్తి నిలపాలి. చుట్టూ ఎర్రతాడు కట్టాలి.

అప్పుడు అష్రఫున్నీసా లేచి వచ్చి, కార్డు తీసి రెండు చేతులతో అందించింది.

"కిషన్ భాయ్, వచ్చే జుమ్మా నాడు మా నూరీన్ పెండ్లి. నువ్వు, పిల్లలు, అందరు రావాలె."

"వస్తం భాభీ."

ఆమె ఇంకేమీ అనలేదు. పోతూ పోతూ ప్లిమత్ దగ్గర ఒక్క క్షణం ఆగి, కొంగుతో దాని తలుపు పిడి మీది దుమ్ము తుడిచి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది.

ఆమె అనకపోవడానికి కారణం కిషన్‌కు తెలుసు. ఆ హాలులో ఇంకెవరికీ తెలియదు. తాండూరు కందుల బజారులో బేరం నోటితో జరగదు. కొనేవాడి చేయి, అమ్మేవాడి చేయి ఒక తువ్వాలు కింద కలుస్తవి. ఏ వేలు ఎన్నిసార్లు నొక్కినారో ఆ ఇద్దరికే తెలుస్తుంది. ధర కుదిరిన తరువాత వేళ్లు వదలి అరచేతికి అరచేయి ఆనిస్తే, పైకముతో నిమిత్తం లేని ఒక మాట కూడా ఇచ్చినట్టు లెక్క. అటువంటి మాటకు సాక్షి ఉండడు, కాగితం ఉండదు. తిరిగి అడగడమూ ఉండదు. అడిగినవాడు నమ్మనట్టు, అడిగించుకున్నవాడు చెడినట్టు అని బజారు సామెత. ఆ బజారులో కందుల అడ్తి, అంటే కమీషను కొట్టు, నడిపిన అష్రఫున్నీసా భర్త నిసార్, తన ఇంటి ముందరి గదిలో, ప్లిమత్‌ను కిషన్‌కు ఆ విధంగానే అమ్మినాడు. "మా ఇంటి ఆడపిల్ల ఎవరు అత్తగారింటికి పోయినా ఈ బండ్లనే పోవాలె," అని మెల్లగా చెప్పి, అరచేయి ఆనించినాడు. పరదా వెనక అష్రఫున్నీసా కూర్చుని ఉన్నది. ఇప్పుడు నిసార్ లేడు.

రేపు చెప్పవచ్చునని కిషన్ అనుకున్నాడు. ఆదివారం నాడు మరునాడు చెప్పవచ్చునని అనుకున్నాడు.

సోమవారం తాండూరులో, పాలిషు యూనిట్‌లో, ఆయన ఎప్పటివలెనే షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరకు నడిచినాడు. కోత యంత్రం కింద నీలిబండ నిదానంగా జరుగుతున్నది. ఎంత నీరు పోస్తున్నా సున్నపు బురద ఎగిరి పనివారి కనుబొమల మీద తెల్లగా పేరుకుంటున్నది. పాలిషు చక్రం కింద నుంచి వచ్చిన ప్రతి బండ మీదా అరచేయి పెట్టి, కళ్లు మూసుకొని, ఒక అంచు నుంచి ఇంకొక అంచుకు జరపడం ఆయన అలవాటు. కంటికి దొరకని గీత చేతికి దొరుకుతుంది. ఆ రోజు ఒక బండ మీద చేయి జరిపి, "బాగున్నది, కట్టుండ్రి," అని ముందుకు కదిలినాడు.

"సేట్, గీత ఉన్నది గద," అన్నాడు మేస్త్రీ.

కిషన్ తిరిగి వచ్చి చూసినాడు. గోరు దిగేంత గీత. దాని మీదుగానే తన చేయి పోయింది. ఆయన తన అరచేతిని ఒకసారి చూసుకొని, ప్యాంటుకు తుడుచుకొని, ఆఫీసు గదిలోకి పోయినాడు.

వైశాలి అక్కడ సరుకు బిల్లులు సరిచూస్తున్నది. తల ఎత్తకుండానే అడిగింది: "మామయ్యా, అష్రఫున్నీసా చాచీ కార్డు పట్టుకొని వికారాబాద్ దాకా బస్సుల ఎందుకొచ్చినట్టు? మనిల్లు వాళ్ల గల్లీ పక్కనే గద. కొడుకు చేత పంపిస్తే అయిపోతుండె."

"పెద్దరికం."

"అంతేనా?"

"అంతే."

"పోయినసారి వాళ్ల పెద్ద మనవరాలిని మీరే ప్లిమత్‌ల దించి వచ్చిన్రు. అత్తమ్మ ముందర సీట్ల కూసున్నది. వెనుక పెండ్లిపిల్ల ఏడుస్తుంటె, అత్తమ్మ గూడ ఏడుస్తుండె. 'నీకేమైందే, నిన్నేమన్న పంపుతున్నరా' అని మీరు నవ్విన్రు."

"అప్పుడు బండి నడుస్తుండె."

"ఇప్పుడు గూడ నడుస్తది."

ఆయన కిటికీ బయటికి చూసినాడు. మాటలో తప్పు లేదు. ఇప్పుడు కూడా నడుస్తుంది. అయితే పద్మారాణి పోయిన తరువాత ఆ ముందరి తలుపును ఆయన ఒక్కసారి కూడా తెరువలేదు. నిలబెట్టిన కారు తలుపును తెరువవలసిన పని ఉండదు.

మంగళవారం హాలులో ముదస్సిర్ ప్లిమత్ కింద అట్టపెట్టె పరచుకొని వెల్లకిల పడుకున్నాడు. నేలంతా అద్దంలా మెరిసే తాండూరు బండ. నూనె పడితే బండ తాగేస్తుందని, చుట్టూ గోనెపట్టాలు, వాటి మీద పాత బొంతలు పరిపించినాడు వినయ్. బ్యాటరీ అప్పటికే గోడ పక్కకు చేరింది. కిషన్ చేతులు వెనక్కు కట్టుకొని నిలబడి చూస్తున్నాడు. పానా పట్టిన శబ్దం వినిపించింది, ఆగిపోయింది.

"సేట్," అన్నాడు ముదస్సిర్ కింద నుంచి. "ఒక్క మాట అడుగుత, కోపం జేసుకోవద్దు. మా గల్లీల అందరు అనుకుంటున్రు, జుమ్మా నాడు నూరీన్‌ను తీస్కపోను ఈ బండి వస్తదని. వస్తదంటె చెప్పుండ్రి. ఈ బోల్టు ఇంక ఊడదీయలే."

కిషన్‌కు అతని బూట్లు మాత్రమే కనబడుతున్నవి. ఆ బూట్లు కదలకుండా ఎదురుచూస్తున్నవి. ఒక్క మాట చాలు. ఆ మాట ఏమిటో ఆయనకు తెలుసు. ఎవరికీ నష్టం లేని మాట. వినయ్ ఒక పూట అలుగుతాడు, సాయికిరణ్ పెదవి విరుస్తాడు, అంతే. ఆ మాటను లోపల వెతికినాడు. దొరికింది గాని, పైకి తెచ్చే బలం దొరకలేదు.

"నీ పని నువ్వు చెయ్యి," అన్నాడు.

ఆయిలు నల్లగా, తాడులాగ, చాలాసేపు ఇనుప తట్టలోకి దిగింది.

గురువారం ప్రారంభానికి తాండూరు నుంచి బజారు పెద్దలందరూ వచ్చినారు. పప్పుమిల్లుల వాళ్లు, అడ్తిదారులు, బండల వ్యాపారులు ముందు వరుసలలో కూర్చున్నారు. అష్రఫున్నీసాకు ఆహ్వానం పంపింది వైశాలి. కారు పాత యజమాని భార్య అని ముందుకు పిలిచినా, ఆమె ఆడవాళ్లున్న చివరి వరుసలోనే ఉండిపోయింది. ఎర్రతాడు వెనక, దీపాల కింద, ప్లిమత్ చక్రాలు నేలను విడిచి బెత్తెడు ఎత్తున నిలబడి ఉన్నవి. పిల్లలు తాడు మీదుగా చేతులు చాపితే కాపలా మనిషి వద్దంటున్నాడు.

సాయికిరణ్ మాట్లాడిన తరువాత మైకు కిషన్ చేతికి వచ్చింది. వచ్చినవారికి నమస్కారం చెప్పినాడు. వికారాబాదు నుంచి స్థానిక వార్తలు రాసే రిత్విక్ అనే యువకుడు లేచి నిలబడినాడు.

"సార్, ఒక ప్రశ్న. ఈ ప్లిమత్ అమ్మేటప్పుడు నిసార్ గారు షరతు పెట్టిన్రంట. వాళ్లింటి ఆడపిల్లలు ఈ కారులనే అత్తగారింటికి పోవాలెనని. పోయినసారి పెండ్లికి గూడ ఇదే పోయిందని తాండూర్ల అందరు అంటున్నరు. రేపే వాళ్లింట్ల పెండ్లి. కారేమో స్టాండ్ల మీదికెక్కింది. మాట తప్పిన్రా సార్?"

ముందు వరుసలోని అడ్తిదారులు తమలో తాము చూసుకోలేదు. నేరుగా కిషన్‌నే చూసినారు. తువ్వాలు కింద చేయి పెట్టిన రోజు నుంచి వారిలో ఒక్కరూ ఆయన మాటకు కాగితం అడిగి ఎరుగరు. షరతే లేదని చెబితే, పోయిన మనిషి చేతిని అబద్ధం చేసినట్టు. మాట తప్పినానని ఒప్పుకుంటే, బజారులో రేపటి నుంచి తన చేయి పట్టేవాడు ఉండడు. వినయ్ "అసువంటిదేం లేదు" అంటూ సగం లేచినాడు. కిషన్ అతనిని ఆపలేదు, తానూ మాట్లాడలేదు. మైకులో ఆయన ఊపిరి మాత్రం వినిపించింది.

చివరి వరుసలో కుర్చీ కదిలిన చప్పుడు అయినది.

"బాబూ, ఇటు చూడు," అన్నది అష్రఫున్నీసా. ఆమెకు మైకు అవసరం పడలేదు. "ఆ బండి సౌదా అయిన్నాడు పరదా ఎనుక నేనే ఉన్న. నీకు చెప్పినోళ్లు ఎవరు లేరు ఆడ. షరతు లేదు, గిరతు లేదు. బండి అమ్మినం, పైసలు తీసుకున్నం, కిస్సా ఖతం. పోయినసారి కిషన్ భాయ్ బండి తెచ్చిండంటె అది ఆయన మెహర్బానీ. నా మనవరాలు రేపు మా పిల్లగాని బండ్ల పోతది." ఆగి, కొంగు సర్దుకొని అన్నది: "నువ్వు గూడ పెండ్లికి రా. బిర్యానీ తిని పో. దానికి గూడ షరతు లేదు."

హాలంతా నవ్వింది. రిత్విక్ కూడా నవ్వుతూ కూర్చున్నాడు. ముందు వరుసలో ఒక ముసలి అడ్తిదారు తల ఊపినాడు, తక్కినవారూ ఊపినారు. అది చాలు, కిషన్ పేరు నిలిచింది. వినయ్ చప్పట్లు మొదలుపెట్టినాడు.

కిషన్ మైకును బల్ల మీద పెట్టినాడు. వేళ్ల కొనల నుంచి మోచేయి దాకా, చాలాసేపు బరువు కింద నలిగి తిమ్మిరెక్కిన చేతిలోకి మళ్లీ రక్తం దిగుతున్నట్టు, ఏదో పొడవడం మొదలైనది. బాగుండే పొడుపు కాదు అది.

అతిథులు వెళ్లిపోయి, కుర్చీలు మడతపెడుతూ ఉండగా ఆయన ముదస్సిర్‌ను పక్కకు పిలిచినాడు.

"ఆమె చెప్పిన పిల్లగాని బండి ఏంది?"

ముదస్సిర్ ఒక నిమిషం నసిగినాడు. "కొడుకు బండి సేట్. చిన్నది. సిలిండర్లు గిట్ల మోస్తడు దాంట్ల. పెండ్లికొడుకోళ్లు చించోలి నుంచి మంచి కారు తెస్తమంటె, వద్దు, మా తాన ఉన్నది అని నెల కిందనే చెప్పిందంట చాచీ."

"బ్యాటరీ బిగియ్యి. ఆయిలు పోయి. స్టాండ్లు దించు. పొద్దుగాలకు తాండూర్ల ఉండాలె బండి."

ముదస్సిర్ ముఖం వెలిగింది. పానాల పెట్టె కోసం తిరిగినాడు. వైశాలి అడ్డంగా నిలబడింది.

"ఆగు ముదస్సిర్." ఆమె కిషన్ దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించింది. "మామయ్యా, మాట ఇచ్చిన్రు గదా మీరు?"

ఆయన తల ఊపినాడు.

"సోమవారం నాడు చెప్తె నేనే నడుపుకుంట పోయేదాన్ని. ఇప్పుడు వద్దు."

"నడపాలె, నడపాలె అన్నది నువ్వే గద."

"అన్న. ఇప్పుడు ఆమె బజారంత వింటుండంగ షరతు లేదని చెప్పింది. రేపు బండి పోయి ఆమె గుమ్మం ముందట నిలబడితె, షరతు ఉన్నట్టే గదా. నలుగురు నిన్నటిది అబద్ధం అంటరు. మీ మాట నిలబడతదేమో, ఆమె మాట పోతది. మీ కోసం ఆడిన మాట."

కిషన్ కారును చూసినాడు. తాడు ఉన్నది, దీపం ఉన్నది, చక్రాలు గాలిలో ఉన్నవి. తలుపులకు తాళం లేదు. అయినా ఆ కారు ఇప్పుడు ఆయనకు ఎంత దూరమో తాడు అవతల నిలబడిన ఏ బడిపిల్లవానికైనా అంతే దూరం.

"స్టాండ్లు ఉండనీ," అన్నాడు ముదస్సిర్‌తో.

శుక్రవారం నమాజు తరువాత నికా అయినది. కిషన్ వేరుగా, తన మామూలు కారులో వచ్చి, దానిని బజారు దగ్గరే వదలి, గల్లీలోకి నడిచినాడు. గల్లీ ఇరుకు. నిసార్ ఇంటి ముందు మూలమలుపు ఉన్నది; ఆ మలుపులో తరాలుగా కూర్చునే రాతి అరుగు ఉండేది. పోయినసారి ప్లిమత్‌ను ఆ అరుగు తగలకుండా తిప్పడానికి ఆయనకు చెమటలు పట్టినవి. ఇప్పుడు అరుగు లేదు. దానిని ఉలితో కొట్టివేసి, మట్టి సరిచేసి, నీళ్లు చల్లినారు. మిగిలిన అంచు ఇంకా తెల్లగా ఉన్నది. రాయి కొట్టిన చోటు ఎండకు నల్లబడడానికి ఒక ఏడాది పడుతుంది. ఇది వారం దాటని దెబ్బ. కిషన్ వంగి ఆ అంచు మీద అరచేయి పెట్టినాడు. ఉలి ప్రతి దెబ్బా చేతికి తగిలింది.

ఆయనకు ఆడవాళ్ల వైపు పరదా పక్కగా, ఇంటి పెద్దలకు వేసే చోట కుర్చీ వేసినారు. అష్రఫున్నీసా స్వయంగా పళ్లెం తెచ్చింది.

"తిను భాయ్. నీది నెయ్యితోటి వేరే వండిపిచ్చిన, ఫికర్ జెయ్యకు. మాంసం గంటె గూడ తాకలే దానికి."

"భాభీ, నిన్న..."

"తిను ముందు."

"అరుగు కొట్టించిన్రు."

"ఎట్లనైన పాతదే ఉండె. మోకాళ్లకు తగులుతుండె."

ఆయన అన్నం కలిపినాడు గాని ముద్ద ఎత్తలేదు. ఆమె నిలబడే ఉన్నది. పరదా అవతల ఆడపిల్లలు పాడుతున్నారు; ఒకరు పాట తప్పితే తక్కినవారు వెక్కిరిస్తున్నారు.

"నువ్వు చెప్తవేమోనని చూసిన," అన్నది ఆమె, ఆయన వైపు చూడకుండా. "చానాసేపు చూసిన. నీ నోరు లేవలే. నలుగుర్ల నిలబెట్టి అడుగుతున్నరు. మా ఆయన ఉంటె ఏం చేస్తుండెనో అదే చేసిన. కందుల బజార్ల ఒకని పేరు పోతె, వానితోటి చెయ్యి కలిపినోళ్ల పేరు గూడ పోతది. అందుల మా ఆయన పేరు గూడ ఉన్నది."

"నా కోసం గాదా?"

"కొంచెం నీ కోసం గూడ," అన్నది ఆమె. "పద్మారాణి మొఖం చూసి."

సాయంత్రం అప్పగింతలైనవి. గ్యాస్ సిలిండర్లు మోసే చిన్న బండికి బంతిపూలు చుట్టినారు. వెనక గీతలు కనబడకుండా ఎర్రటి దుపట్టా కట్టినారు. నూరీన్ తల వంచుకొని ఎక్కింది. బండి చిన్నది కావడం చేత ఆమె లెహంగాను ఇద్దరు కలిసి లోపలికి మడవవలసి వచ్చింది. చించోలి నుంచి వచ్చినవారు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకామె కన్నడంలో ఏదో అన్నది. పక్కామె మోచేత్తో పొడిచింది. అష్రఫున్నీసా విననట్టు నిలబడింది. బండి వెడల్పయిన మలుపులో ఒక్క తిప్పులో తిరిగి, అవసరం కంటె చాలా స్థలం మిగిల్చి, వెళ్లిపోయింది.

కిషన్ తక్కిన మగవాళ్లతో పాటు గోడ పక్కన నిలబడి చేయి ఎత్తినాడు. అది ఎవరికో ఆయనకే తెలియదు.

మరుసటి వారం, కార్ల పక్కన పెట్టవలసిన రాతిపలకల మీద ఏమేమి చెక్కవలెనని వైశాలి అడిగింది. ప్లిమత్ పలక మీద తయారైన దేశం, సంవత్సరం, ఇంజను శక్తి, పాత యజమాని పేరు చెక్కితే చాలునన్నాడు కిషన్. ఇంకేమైనా ఉన్నదా అని ఆమె అడిగింది. ఉన్నది గాని చెక్కరాదన్నాడు. పలక అట్లాగే తయారైనది. చూడవచ్చేవారు దానిని చదివి, కారు మెరుపును మెచ్చుకొని పోతున్నారు.

ఆ రాతి మీద చెక్కడానికి వీలు లేనిది గనుక, ఇక్కడ నమోదు చేయడమైనది: తాండూరు నివాసి, కందుల అడ్తిదారు దివంగత నిసార్ గారి భార్య అష్రఫున్నీసా గారు, తమ ఇంటికి ఇవ్వబడిన మాట చెల్లకపోగా, ఇచ్చినవాడు నలుగురిలో నిరుత్తరుడై నిలబడిన ఘడియలో, ఎవరూ కోరకుండానే లేచి, అటువంటి మాట లేనే లేదని పలికి, అతని పరువు కోసం తన మనవరాలి ముచ్చటను వెలగా చెల్లించినారు. ఈ పని చేసినది ఆమె ఒక్కరే అని ఇందుమూలంగా అంగీకరించడమైనది.